కరెంటు ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు?

ఆ మధ్య ఒక కళాశాల విద్యార్థులు విద్యుచ్ఛక్తి సబ్సిడీలను గురించి గోష్ఠి పెట్టి నన్ను పిలిచారు. నాకంటే ముందు మాట్లాడిన అర్థశాస్త్రం అధ్యాపకుడు, రైతులకు కరెంటు ఉచితంగా ఇవ్వటంవల్ల రాష్ట్రాలు అప్పులపాలవుతున్నాయనీ, వాడుకున్న వస్తువుకు నిజమైన ఖరీదు చెల్లించినప్పుడే మనిషికి బాధ్యత తెలుస్తుందనీ అన్నారు. ఆ తర్వాత ఒక విద్యార్థి లేచి, సౌరశక్తీ గాలిశక్తీ ప్రభుత్వం చంకలో పెరుగుతున్న బిడ్డలనీ, బొగ్గు ఒక్కటే సొంత కాళ్ళమీద నిలబడి మనకు చవకగా కరెంటు ఇస్తున్నదనీ వాదించాడు. చివరి వరసలోనుంచి ఒక అమ్మాయి, తమది గోదావరిఖని దగ్గర పల్లె అని చెప్పి, "బాంబులు పేల్చి బొగ్గు తీస్తరు. మా ఇంటి గోడలు పగిలినయి. ఆ ఖర్చు ఏ లెక్కల రాస్తరు సార్?" అని అడిగింది.

ఆమెకు ఆ అధ్యాపకుడు జవాబు చెప్పలేదు. నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. పెట్టుబడిదారీ వ్యవస్థ అంటూ నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాను. ఆమె అడిగింది వ్యవస్థ పేరు కాదు, పద్దు పేరు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు కొంచెం ఆలస్యంగా చెబుతున్న సమాధానం.

మొదట "సబ్సిడీ" అనే మాటను పరీక్షించాలి. ప్రభుత్వ బడ్జెట్‌లో అంకెగా కనిపించేదే సబ్సిడీ అని మనకు అలవాటు చేశారు. కనిపించనిది సబ్సిడీ కాకుండా పోతుంది. దీనివల్ల ఎంత అన్యాయం జరగగలదో చెప్పటానికి మన రైతు సంగతే చాలు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయినాయి. అప్పటినుంచి ప్రభుత్వ ధనంతో కట్టిన కాలువలద్వారా డెల్టా పొలాలకు నీరు పారుతున్నది. ఆ ఆనకట్టకు పెట్టుబడి పెట్టింది రైతు కాదు. కాలువ తవ్వించినవాడూ అతను కాడు. అతను కట్టే నీటితీరువా ఆ నిర్మాణాల పోషణకైనా చాలదు. ఇది తప్పని నేననటంలేదు. కరువుతో చచ్చే దేశంలో ప్రభుత్వం చేయవలసిన పనే అది. ఐతే తెలంగాణా మెట్ట రైతుకూ, రాయలసీమ రైతుకూ కాలువ లేదు. అతను అప్పు తెచ్చి బోరు వేశాడు. అది ఎండితే ఇంకొకటి వేశాడు. మోటారు కొన్నాడు, పైపులు కొన్నాడు. కాలువ రైతుకు ప్రభుత్వం పెట్టిన పెట్టుబడిని ఇతను సొంతంగా పెట్టుకున్నాడు. ఇతనికి ప్రభుత్వం ఇచ్చేదల్లా నీళ్ళు పైకి తోడే కరెంటు. అది ఇచ్చేసరికి దానికి సబ్సిడీ అనే పేరు వచ్చింది. కాలువ నీటిని ఎవరూ ఆ పేరుతో పిలవరు.

ఈ పేరు పెట్టటంవెనక రాజకీయం ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది, 1999లో విద్యుత్ బోర్డును విడదీశారు. దీనికి ప్రపంచ బ్యాంకు అప్పు వెన్నుదన్ను. "నిజమైన ఖరీదు" అనే సిద్ధాంతం అప్పుడే మన గ్రామాలకు బిల్లు రూపంలో వచ్చింది. పెంచిన చార్జీలకు వ్యతిరేకంగా వామపక్షాలు ఉద్యమం నడిపాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 2004 మేలో కొత్త ప్రభుత్వం రైతులకు ఉచిత విద్యుత్తు ప్రకటించటం వెనక ఈ చరిత్ర ఉన్నది. తెలంగాణాలో 2018 జనవరి 1 నుంచి ఇరవైనాలుగు గంటల సరఫరా మొదలయింది. ఇది ఎవరి దయాభిక్షా కాదు, పోరాడి సాధించుకున్నది. దానిని సోమరిపోతుల భత్యంగా చిత్రించేవారితో నాకు రాజీ లేదు.

కాని మన వాదంలో ఉన్న లోపాన్ని మనం దాచుకోకూడదు. ఉచిత విద్యుత్తు మోటారుకు వస్తుంది, మనిషికి కాదు. అయిదు బోర్లున్న ఆసామికి అయిదింతలు ముడుతుంది. ఒక బోరున్నవాడికి ఒకవంతు ముడుతుంది. కౌలురైతు పేరుమీద కనెక్షన్ ఉండదు; ఆ లాభాన్ని భూస్వామి కౌలులో కలుపుకుంటే అడిగే దిక్కులేదు. భూమి లేని కూలీకి నేరుగా ఏమీ రాదు. పైగా నీరు ఎంత తోడినా ఖర్చు లేకపోయేసరికి పక్కవాడి బోరుకంటే లోతుకు దిగటమే వ్యవసాయమై కూర్చున్నది. లోతుకు దిగే శక్తి ఉన్నవాడు గెలుస్తాడు, లేనివాడి బోరు ఎండుతుంది. పేదల పేరున సాధించిన హక్కు పేదవాడి నీటిని ఎండగట్టే సాధనం కావటం మనం ఆలోచించవలసిన విషయం.

ఇంకొకటి కూడా ఉన్నది. ఆ మోటారుకు వచ్చే కరెంటు ఎక్కడిది? అయిదు హార్స్‌పవర్ మోటారు ఎనిమిది గంటలు నడిస్తే సుమారు 30 యూనిట్లు కాలుతుంది. బొగ్గునుంచి ఒక యూనిట్ తీయటానికి మన దేశంలో సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. అది బొగ్గు కరెంటే ఐతే, ఒక రోజు మడి తడవటానికి ఇరవై కిలోలకు పైగా బొగ్గు మండాలి. మన బొగ్గులో దాదాపు మూడోవంతు బూడిద. అంటే ఏడు కిలోల బూడిద మిగులుతుంది. యూనిట్‌కు దాదాపు ఒక కిలో చొప్పున బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో కలుస్తుంది. రైతుకు ఉచితంగా వచ్చింది నిజమే. లోకానికి ఉచితంగా రాలేదు.

ఇక్కడినుంచి మనం గోదావరి లోయకు రావాలి. సింగరేణిలో బొగ్గు తవ్వకం పందొమ్మిదో శతాబ్దపు చివరలో మొదలయింది. ఒకప్పుడు లక్షకు పైగా కార్మికులు అక్కడ పనిచేశారు. ఇప్పుడు శాశ్వత కార్మికుల సంఖ్య నలభై వేల పరిసరాలకు దిగింది. భూగర్భ గనులకు బదులు ఓపెన్ కాస్టులు వచ్చాయి. బొగ్గుమీద ఉన్న మట్టినంతా తవ్వి పోస్తే అది కొండ అవుతుంది, తీసినచోట అగాధం మిగులుతుంది. ఈ పద్ధతిలో టన్నుకు పెట్టుబడి తక్కువ, మనుషులు తక్కువ, కనుక బొగ్గు "చవక". ఆ చవకదనంలో పోయిన ఊళ్ళున్నాయి, ఎండిన బావులున్నాయి, దుమ్ము పట్టిన ఊపిరితిత్తులున్నాయి. ఆ అమ్మాయి చెప్పిన పగిలిన గోడలున్నాయి. వీటిలో కొన్నిటికి నష్టపరిహారం ఇస్తారు. పరిహారం ఇవ్వనివాటికి ఖర్చు లేనట్టు కాదు. ఆ ఖర్చును ఇంకెవరో పెట్టుకున్నట్టు.

ఇది కేవలం అజాగ్రత్తవల్ల జరుగుతున్నదనుకుంటే పొరపాటు. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ, బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలనుంచి ఎంత గంధకపు పొగ వదలవచ్చునో నిబంధన చేసింది. రెండేళ్ళు గడువిచ్చింది. ఆ గడువును ఒకసారి కాదు, పలుమార్లు పొడిగించింది. చివరకు 2025 జులైలో దేశంలోని బొగ్గు కేంద్రాలలో అత్యధిక భాగానికి ఆ నిబంధననుంచి మినహాయింపునిచ్చింది. మన బొగ్గులో గంధకం తక్కువనీ, గాలిలో ఆ వాయువు హద్దు దాటలేదనీ, యంత్రాలు పెడితే యూనిట్ ధర పెరుగుతుందనీ కారణాలు చెప్పారు. మొదటి రెండింటిమీద శాస్త్రజ్ఞులు వాదించుకోవచ్చు; ఆ వాయువు గాలిలో సన్నని ధూళిగా మారి చాలా దూరం పోతుందన్న సంగతిని కూడా వారు లెక్కలోకి తీసుకోవాలి. నాకు ముఖ్యమైనది మూడో కారణం. యంత్రం పెడితే ఖర్చు బిల్లులో కనబడుతుంది. పెట్టకపోతే ఆస్పత్రిలో కనబడుతుంది. రెండో చోట దానిని ఎవరూ కరెంటు ఖర్చు అనరు, ఉబ్బసం అంటారు.

ఇంగ్లీషు అర్థశాస్త్రవేత్త పిగూ 1920లో ప్రకటించిన సంక్షేమ అర్థశాస్త్ర గ్రంథంలో ఈ సమస్యను గుర్తించాడు. ఫ్యాక్టరీ పొగ ఇరుగుపొరుగు వారికి కలిగించే నష్టం ఫ్యాక్టరీ లెక్కలో ఎక్కదు కనుక ప్రభుత్వం పన్ను వేసి ఎక్కించాలన్నాడు. అతని దృష్టిలో ఇది మార్కెట్టుకు పట్టిన చిన్న జబ్బు, మందు వేస్తే తగ్గుతుంది. 1950లో విలియం కాప్ ప్రైవేటు వ్యాపారపు సాంఘిక వ్యయాలమీద పుస్తకం రాస్తూ, ఇది జబ్బు కాదు, ఆ వ్యవస్థకు అదే ఆరోగ్యం అని చూపాడు. ఎవడు తన ఖర్చును ఎదుటివాడిమీదకు ఎక్కువగా నెట్టగలడో వాడే పోటీలో నెగ్గుతాడు. కాప్ చెప్పినదే నాకు మన అనుభవానికి దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది.

పిగూ మందు మన దేశంలో ఏమయిందో కూడా చూశాం. 2010లో బొగ్గుమీద టన్నుకు 50 రూపాయల సెస్సు వేశారు. స్వచ్ఛమైన శక్తికి నిధి అన్నారు. 2014లో అది 100, 2015లో 200, 2016లో 400 అయింది. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ డబ్బును రాష్ట్రాల పన్ను నష్టం పూడ్చటానికి మళ్ళించారు. 2025 సెప్టెంబరులో ఆ సెస్సును కూడా తీసివేసి జీఎస్టీని 5నుంచి 18 శాతానికి పెంచారు. పొగ పీల్చినవాడి పేరున వసూలు చేసిన డబ్బు పొగ పీల్చినవాడి దగ్గరకు రాలేదు. పన్ను వేయటం ఒక్కటే న్యాయం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

బొగ్గు కాకపోతే నీళ్ళు. జలవిద్యుత్తు అన్నిటికన్నా చవక అని అంటారు. శ్రీశైలం కుడి ఎడమ గట్ల కేంద్రాల సామర్థ్యం 1670 మెగావాట్లు. ఆ జలాశయంకోసం 1981 ప్రాంతంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో దాదాపు నూరు గ్రామాలను ఖాళీ చేయించారు. మునిగిపోయే ప్రాచీన దేవాలయాలను మాత్రం ఎంతో శ్రద్ధతో రాయి రాయి విడదీసి వేరేచోట తిరిగి కట్టారు. కూడలి సంగమేశ్వరాలయం అట్లాగే అలంపురం చేరింది. అది మంచి పనే. కాని ఊరిని అట్లా విడదీసి అట్లాగే తిరిగి కట్టాలని ఎవరికీ తట్టలేదు. నిర్వాసితుల పిల్లలు ఉద్యోగాలకోసం దశాబ్దాలపాటు కార్యాలయాల చుట్టూ తిరిగారు. శ్రీశైలం యూనిట్ ధరలో వారు తిరిగిన ఆ దశాబ్దాల పద్దు లేదు.

అణుశక్తి సంగతి ఇంకా స్పష్టం. 2010లో చేసిన అణు నష్టపరిహార చట్టం, ప్రమాదం జరిగితే కేంద్రం నడిపేవారి బాధ్యతకు 1500 కోట్ల రూపాయల హద్దు పెట్టింది. ప్రమాదానికి హద్దు లేదు, బాధ్యతకు హద్దు ఉన్నది. హద్దుకు అవతలిదంతా ప్రజలు ముందుగానే రాసిచ్చిన హామీపత్రం. ఇది బడ్జెట్‌లో పైసా కూడా కనబడని సబ్సిడీ. యురేనియం తవ్వకంమీద నల్లమల ప్రజలు ఆందోళన చేస్తే 2019 సెప్టెంబరులో తెలంగాణా శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానించింది. అప్పటికే కడప జిల్లా తుమ్మలపల్లిలో తవ్వకం సాగుతున్నది. చుట్టుపక్కల రైతులు తమ బోరునీళ్ళు చెడిపోయాయని మొరపెట్టుకుంటూనే ఉన్నారు.

ఇక సౌరశక్తి. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో సౌర విద్యుత్తు యూనిట్ 2 రూపాయల 44 పైసలకు వేలంలో పలికింది. ఇంత చవక కావటానికి ప్రభుత్వం కల్పించిన రాయితీలు కొంత కారణం. దీనిమీద ఆ విద్యార్థికి అంత కోపమెందుకో నాకు తెలియదు. బొగ్గు నూరేళ్ళకు పైగా అనుభవించిన రాయితీతో పోలిస్తే ఇది ఎంత? కాని ఎండకు పాపం లేకపోయినా ఎండ పడే నేలకు యజమాని ఉన్నాడు. తెలుగు మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న కర్ణాటక పావగడ తాలూకాలో 2050 మెగావాట్ల సౌర పార్కు వచ్చింది. దానికోసం పదమూడు వేల ఎకరాలను రైతుల దగ్గర కొనకుండా, ఎకరాకు ఏటా 21 వేల రూపాయల కౌలుకు మొదలుపెట్టి, తీసుకున్నారు. కరువు నేలమీద బతికే రైతుకు ఇది మేలే. భూమిని లాక్కోవటంకంటే ఎంతో నయం. కాని ఆ నేలమీద కలుపు తీసి బతికిన కూలీకి కౌలు రాదు. అక్కడ గొర్రెలు మేపుకున్న కాపరికి పట్టా లేదు కనుక నష్టమూ లేదు, కాగితంమీద. పొగ లేని శక్తి కూడా పాత వర్గ సంబంధాలనే కొత్త అద్దాలకింద పరిచిందన్నమాట.

ఇన్ని చెప్పినాక, ఈ ఖర్చులన్నిటినీ రూపాయలలోకి మార్చి కూడితే నిజమైన ఖరీదు తేలదా అని అడగవచ్చు. కూడినవాళ్ళున్నారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి 2023లో వేసిన లెక్కప్రకారం 2022లో ప్రపంచమంతా బొగ్గు, చమురు, గ్యాసులకు ఇచ్చిన సబ్సిడీ 7 లక్షల కోట్ల డాలర్లు. అందులో ప్రభుత్వాలు నేరుగా ఇచ్చింది అయిదోవంతుకూడా లేదు. మిగిలిందంతా ముఖ్యంగా చెడిన గాలి, వేడెక్కిన భూమి. వాటి ధరను మండించినవారు చెల్లించలేదు. ఈ సంస్థలే ఒకప్పుడు రైతు మోటారు బిల్లును ప్రపంచ సమస్యగా చూపాయి. ఇప్పుడు అసలు దొంగ ఎవరో వాటి లెక్కే చెబుతున్నది. ఈ అంకెను మనం వాడుకోవాలి.

వాడుకోవాలి గాని నమ్ముకోకూడదు. చావును రూపాయలలోకి మార్చేటప్పుడు మనిషి ఆదాయాన్ని బట్టి మారుస్తారు. అప్పుడు బీదదేశంలో చావు చవక అవుతుంది. 1991 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు ప్రధాన ఆర్థికవేత్త లారెన్స్ సమ్మర్స్ సంతకంతో వెలువడిన ఒక పత్రం, కూలి తక్కువ ఉన్న దేశాలకు విషపదార్థాలను తరలించటమే అర్థశాస్త్రరీత్యా సబబని తేల్చింది. అది వ్యంగ్యంగా రాసిందని ఆ తర్వాత సంజాయిషీ చెప్పారు. కావచ్చు. కాని ఆ వ్యంగ్యంలో తర్కదోషం ఎక్కడుందో చూపండి చూద్దాం. డబ్బే కొలబద్ద ఐతే ఆ పత్రం చెప్పిందే సరి. మనకు అది దుర్మార్గమని తోస్తున్నదంటే, మన మనస్సు ఇంకొక కొలబద్దతో కొలుస్తున్నదన్నమాట.

ఆ రెండో కొలబద్ద ఏమిటి? నాకు తోచినంతలో అది మూడు ప్రశ్నలు. ఒకటి, లాభం పొందేవాడూ నష్టం భరించేవాడూ ఒకరేనా? రెండు, నష్టం భరించేవాణ్ణి ముందుగా అడిగారా, కాదనే హక్కు అతనికి ఉన్నదా? మూడు, ఆ నష్టాన్ని తిరిగి పూడ్చటం సాధ్యమేనా? గోడ పగిలితే కట్టవచ్చు. ఊరు మునిగితే కష్టపడి మరొక ఊరు కట్టవచ్చు. ఊపిరితిత్తి చెడితే రాదు. పుట్టబోయేవాణ్ణి అడగటానికి వీలులేదు కనుక వాడి తరఫున మనమే జాగ్రత్తపడాలి. మొత్తం ఖర్చు ఎంత అనేది అర్థశాస్త్రపు ప్రశ్న. ఎవరిమీద ఎట్లా పడిందన్నది నీతి ప్రశ్న. రెండు ఊళ్ళమధ్య ఒకే మొత్తం ఖర్చు న్యాయంగానూ పడవచ్చు, దోపిడీగానూ పడవచ్చు.

ఈ ప్రశ్నలను బలవంతాన లేవనెత్తినవారు సామాన్యులే. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూములలో బొగ్గు కేంద్రం వద్దని 2010 జులై 14న రైతులూ మత్స్యకారులూ నిలబడ్డారు. కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న నిలబడ్డారు. రెండు చోట్లా కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. బషీర్‌బాగ్‌లో పోయినవి కరెంటు అందరికీ అందాలని అడిగిన ప్రాణాలు. సోంపేటలో పోయినవి కరెంటుకోసం తమను బలిపెట్టవద్దని అడిగిన ప్రాణాలు. ఈ రెండు కోర్కెలూ ఒకదానికొకటి విరుద్ధమని మనకు చెబుతారు. విరుద్ధంగా కనిపించేటట్టు లెక్క రాసిపెట్టారు, అంతే.

ఒక అభ్యంతరం మిగిలింది. ఖర్చులన్నీ పైకి తీస్తే బిల్లు పెరిగి మొదట చచ్చేది పేదవాడే కదా అని మిత్రులు అడుగుతారు. ఖర్చు వేరు, ధర వేరు. ఖర్చును పుస్తకంలో పూర్తిగా రాయమంటున్నాను. దానిని ఎవరు చెల్లించాలన్నది ఆ తర్వాత వర్గ న్యాయాన్నిబట్టి తేల్చవలసిన మాట. గుడిసెలో వెలిగే బల్బుకూ, రెండెకరాల మోటారుకూ సమాజం చెల్లించవచ్చు. అద్దాల భవనంలో పగలూ రాత్రీ తిరిగే చల్లని యంత్రానికి సమాజం చెల్లించనక్కరలేదు. రాయకుండా దాచిన ఖర్చు ఎప్పుడూ పేదవాడిమీదే పడుతుంది, ఎందుకంటే కాదనే బలం అతనికే తక్కువ. అట్లాగే బొగ్గు తగ్గించవలసినరోజున గని కార్మికుడి బతుకును కూడా ఆ ఖర్చులో రాయాలి. దేశానికి వెలుగిచ్చినవాణ్ణి ఉత్త చేతులతో ఇంటికి పంపితే అది మరొక ఎగవేత.

ఇంకొక మాట మనవాళ్ళకే చెప్పాలి. సింగరేణి ప్రైవేటు కంపెనీ కాదు. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. శ్రీశైలం ప్రభుత్వానిదే. 1986లో చెర్నోబిల్ పేలినప్పుడు అక్కడ లాభం తీసే పెట్టుబడిదారుడు లేడు. ఆస్తి ప్రజలపేర ఉన్నంతమాత్రాన లెక్క ప్రజలముందు ఉన్నట్టు కాదు. ప్రభుత్వరంగాన్ని కాపాడుకోవటం మన కర్తవ్యమని ఇన్నాళ్ళు చెప్పాం, ఇప్పుడూ చెబుతాను. కాని కాపాడవలసిన సంస్థ తన ఖర్చును పక్క పల్లెమీద వేస్తుంటే, మనం నోరు మూసుకోవటం ఆ సంస్థను కాపాడటం కాదు. ప్రైవేటీకరణను కోరేవాడికి ఆ పల్లెను అప్పగించటం.

ఆ అమ్మాయి ప్రశ్నకు నేను ఆరోజు చెప్పవలసిన జవాబు ఇది: నీ ఇంటి గోడ ఖర్చు ఇప్పుడు ఏ లెక్కలోనూ లేదు. దానిని యూనిట్ ధర లెక్కించే కాగితంలోనే, బొగ్గు ధరా, వడ్డీ, తరుగుదలా రాసిన వరసలోనే రాయించాలి. నియంత్రణ మండలి ప్రతి ఏడూ చార్జీలమీద బహిరంగ విచారణ జరుపుతుంది. అక్కడ ఇన్నాళ్ళూ మనం ధర తగ్గించమని మాత్రమే అడిగాం. ఈసారి వెళ్ళేటప్పుడు నీ పగిలిన గోడను గురించి కూడా అర్జీ రాసుకుని వెళదాం. నేనూ వస్తాను.